ప్రతివాది లేని వాదము

రాజుల యుద్ధములును సంధులును శాసనములందు నిలుచును; ప్రజల మాటలు గాలిలో కలిసిపోవును. అందుచేత చరిత్ర వ్రాయువారు మొదటివానిని పట్టుకొని రెండవవానిని విడిచిపెట్టుట పరిపాటి. కాని ఒక దేశమున ఆచారములు మారుట రాజశాసనముతో ఆరంభము కాదు. అంతకు ఎంతో ముందే అవి అరుగులమీద, స్నానఘట్టములవద్ద, దుకాణముల ముంగిట జనుల మాటలలో కదలును. ఒకడు "ఇది మన పెద్దలనాటి నుండి ఉన్నదే గదా" అనును; ఇంకొకడు "ఉన్నంతమాత్రమున తగినదగునా" అని అడుగును. ఆ రెండవవాని ప్రశ్నకు బదులు చెప్పవలసివచ్చిన దినముననే మార్పు మొదలగును. 19వ శతాబ్దపు వంగదేశము ఇట్టి మాటల చరిత్రకు తగిన ఉదాహరణము. ఆ మాటలు ఎట్లు పుట్టినవో, ఎవరు పలికిరో, ఎవరు పలుకలేకపోయిరో విచారించుట వ్యర్థము కాదు.

వంగదేశపు పల్లెలలో చండీమండపమను కట్టడము ఉండెడిది. గడ్డికప్పు వేసి, వైపుల తెరచియుంచిన ఆ మండపము దేవీపూజకై ఏర్పడినది. పూజాదినములు పోగా తక్కిన కాలమంతయు అది మన రచ్చబండ వంటిది. అక్కడ బాలురకు చదువు జరుగును, తగవులు తీరును, పెండ్లి సంబంధములు కుదురును, ఊరివారి నడవడి విచారణకు వచ్చును. కాని అచట మాటకంటె ముందు పీట చూడవలెను. ఎవరు చాపమీద కూర్చుండవలెనో, ఎవరు నేలమీద కూర్చుండవలెనో, ఎవరు మెట్లక్రింద నిలువవలెనో పుట్టుకతోనే నిర్ణయమైయుండెను. హుక్కాలు సైతము కులమునుబట్టి వేరువేరు. పెద్దల మాటకు చిన్నవాడు ఎదురాడుట అవినయము. స్త్రీలకు ఆ మండపమున స్థానమే లేదు. వారు మాటాడుకొనుటకు చెరువుగట్టు ఉండెను. అక్కడ ఎంత చెప్పుకొన్నను అది తీర్పునకు రాదు. ఊరి అభిప్రాయమనగా మండపమున కూర్చున్న కొందరి అభిప్రాయమే.

వాదము చేయుట ఎట్లో ఆ దేశమునకు తెలియకపోలేదు. నవద్వీపము నవ్యన్యాయమునకు ప్రసిద్ధికెక్కిన విద్యాస్థానము. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు తెరగులుగా విభజించినవి. సత్యము తెలియగోరి చేయునది వాదము. గెలుపు గోరి, ఛలమునకు సైతము వెనుదీయక చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షమును నిలుపక, ఎదుటివాని పక్షమును కూల్చుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. లోకమున ఈ కడపటిదానికే "వితండవాద"మను పేరు స్థిరపడుట మన అనుభవమునకు సాక్ష్యము. ఈ మూడింటికిని సామాన్యమైన నియమమొకటి కలదు. ఎదుట ప్రతివాది ఉండవలెను. అతనికి బదులు చెప్పు అవకాశము ఉండవలెను. గెలువగోరువానికి సైతము ఓడువాడొకడు ఎదుట లేక గెలుపు లేదు. ఈ కొలతతో గతశతాబ్దమునకు వెనుకటి వంగదేశపు బహిరంగచర్చలను చూచినచో, వాని గొప్పతనముతోపాటు వాని లోపమును తేటపడును.

మండపములోని పీటల వరుసను మొదట కదల్చినది అచ్చుయంత్రము. 1780 జనవరిలో జేమ్స్ ఆగస్టస్ హికీ కలకత్తాలో బెంగాల్ గెజెట్ అను ఇంగ్లీషు వారపత్రికను ఆరంభించి, అన్ని పక్షములవారికిని తన పత్రిక తెరచియుండుననియు, ఏ పక్షమునకును లోబడదనియు ప్రకటించెను. మారుపేర్లతో వచ్చిన ఉత్తరములు దానికి ప్రాణము. అధికారులను వదలని పరిహాసము దానికి మృత్యువు. 1782లో దాని అచ్చుసామగ్రి జప్తు అయ్యెను. వంగభాషలో 1818లో శ్రీరాంపురపు మిషనరీల సమాచార దర్పణమును, 1821లో సంవాద కౌముదియు, 1822లో సమాచార చంద్రికయు వెలువడెను. పత్రికను కొనువారు కొలదిమందియే. కాని ఒకడు చదువగా పదిమంది వినుట అప్పటి వాడుక. కనుక పత్రికలోని మాట మరల అరుగులమీదికే వచ్చి చేరుచుండెను.

పత్రికకు ఉత్తరము వ్రాసినవాడు చాపమీద కూర్చుండువాడో నేలమీద కూర్చుండువాడో పాఠకునకు తెలియదు. పేరు మరుగుపరచిన యెడల మాట ఒక్కటియే మిగులును. పిన్నవాడు పెద్దవానికి, శిష్యుడు గురువునకు ఎదురుచెప్పుటకు ఇది మొదటి అవకాశము. కాని ఆ మరుగుననే తిట్టుటకును చోటు దొరకెను. మండపమున ముఖము చూచి పలుకలేని మాటను మారుపేరుతో అచ్చువేయుట సులభమయ్యెను. ఆ రెండు గుణములును ఒకే కొమ్మకు కాచిన కాయలు. ఒకదానిని కోసివేసి రెండవదానిని ఉంచుకొనుట ఆనాటి సంపాదకులకు సాధ్యపడలేదు.

ఆ యుగమున మొదటి మహావివాదము సహగమనమును గూర్చినది. 1815 నుండి 1828 వరకు బెంగాల్ ప్రెసిడెన్సీలో ప్రభుత్వము లెక్కించిన సహగమనములే 8,000కు పైబడినవి. రామమోహన రాయలు 1818లో ఈ విషయమునుగూర్చి వంగభాషలో ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. దాని రూపము గమనింపదగినది. అది ఉపన్యాసము కాదు, సంవాదము. సహగమనమును ప్రోత్సహించు ప్రవర్తకుడును, దానిని వారించు నివర్తకుడును అందు మాటాడుదురు. ప్రవర్తకుని నోట రాయలు దుర్బలమైన మాటలను మాత్రమే పెట్టి ఊరకుండలేదు. ఎదుటిపక్షమువారు నిజముగా చూపుచుండిన శాస్త్రవచనములను, లోకాచారమును, విధవల శీలమునుగూర్చిన భయమును అతనిచే చెప్పించెను. 1819లో రెండవ సంవాదము వచ్చెను. అందు ఆయన శాస్త్రమును దాటి మరియొక ప్రశ్నకు వచ్చెను. స్త్రీలు మందబుద్ధులని మీరనుచున్నారు. వారికి చదువు చెప్పి, వారి బుద్ధిని పరీక్షించినది ఎప్పుడు? అని ఆ ప్రశ్న సారాంశము.

కౌముదికి ప్రకాశకుడుగా ఉండిన భవానీచరణ బంద్యోపాధ్యాయుడు ఈ విషయముననే రాయలతో విడిపోయి చంద్రికను స్థాపించెను. రెండు పత్రికలును కొన్నియేండ్లు ఒకదానికొకటి బదులు చెప్పుకొనెను. 1829 డిసెంబరు 4న బెంటింకు ప్రభుత్వము సహగమనమును నిషేధించెను. 1830 జనవరిలో దానికి ప్రతికూలముగా ధర్మసభ ఏర్పడెను; వారి అప్పీలును 1832లో ఇంగ్లండునందలి ప్రీవీ కౌన్సిలు త్రోసివేసెను. ఈ చర్చలో వాదమును ఉండెను, జల్పమును ఉండెను. కాని ఇరుపక్షముల గ్రంథములను తిరుగవేసిన పాఠకునకు ఒక వెలితి కనబడును. చితిమీదికి పోవలసినది ఎవరో వారి మాట ఈ పుటలలో లేదు. ప్రవర్తకుడును పురుషుడే, నివర్తకుడును పురుషుడే. ఆమెకై ఒకడు కన్నీరు విడిచెను, ఆమె పుణ్యమును ఒకడు పొగడెను; ఆమెను అడిగినవాడు లేడు. ఆధునిక చరిత్రకారులు కొందరు ఈ సంగతిని చక్కగా గుర్తించిరి.

అట్లని స్త్రీల పక్షమున ఏ మాటయు అచ్చుపుటకు ఎక్కలేదనుట సరికాదు. 1835లో సమాచార దర్పణమున చుంచుడా పట్టణపు స్త్రీల పేర ఒక ఉత్తరము వచ్చెను. అది తండ్రులను, సోదరులను ఉద్దేశించి అడిగిన ప్రశ్నల వరుస. ఇతరదేశముల స్త్రీలవలె మాకు చదువేల లేదు? నలుగురితో కలిసి మాటాడు స్వేచ్ఛ ఏల లేదు? పశువులనువలె మమ్ము ఏల అమ్ముచున్నారు? మా భర్తను మేమేల ఎన్నుకొనరాదు? అనేకభార్యలు గలవానికి మమ్మేల కట్టబెట్టుచున్నారు? భార్య పోయిన పురుషుడు మరల పెండ్లాడుచుండగా భర్త పోయిన స్త్రీ ఏల పెండ్లాడరాదు? దానిని వ్రాసిన చేయి నిజముగా స్త్రీదియేనా అను సందేహము కలదు. ఎవరైన సానుభూతిగల పురుషుడు వ్రాసియుండవచ్చును. అట్లయినను ఒక విశేషము మిగిలియున్నది. "వారినిగూర్చి" అను మాట పోయి "మేము" అను మాట పత్రికలోనికి వచ్చెను. ఖాళీగా ఉన్న పీట ఒకటి కలదని లోకమునకు తెలిసెను.

20 సంవత్సరముల పిమ్మట ఆ కడపటి ప్రశ్న దేశమంతటి ప్రశ్న అయ్యెను. 1855 జనవరిలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతు పునర్వివాహము శాస్త్రసమ్మతమని పరాశరస్మృతి ఆధారముగా ఒక పుస్తకమును ప్రకటించెను. దానిమీద ఖండనములు వెల్లువగా వచ్చిపడగా, అదే సంవత్సరమున రెండవ పుస్తకమున ఆ ఖండనములను ఒక్కొక్కటిగా ఎత్తి సమాధానము చెప్పెను. పండితుల మధ్య ఇట్లుండగా వీథులలో ఈ చర్చ మరియొక వేషము వేసెను. సంవాద ప్రభాకర సంపాదకుడైన ఈశ్వరచంద్ర గుప్తుడు దీనిని పద్యములలో ఎగతాళి చేసెను. దాశరథి రాయుడు పాంచాలి కట్టెను. శాంతిపురపు సాలీలు విద్యాసాగరుని కీర్తించు పాటను చీరల అంచులమీద నేసిరి. ఎవరు ఏ పక్షమువారో వారు కట్టిన చీర చెప్పునంత దూరము పోయెను. అక్షరము రానివారు సైతము ఈ విషయమున అభిప్రాయము లేక ఉండలేదు.

ప్రభుత్వమునకు పోయిన విజ్ఞాపనములలో విద్యాసాగరుని పక్షపుదానిమీద వెయ్యికి లోపు సంతకములుండెను. రాధాకాంతదేవుని నాయకత్వమున పోయిన ప్రతికూల విజ్ఞాపనముమీద 36,000కు పైగా ఉండెను. తలలు లెక్కించి తీర్పు చెప్పినచో విద్యాసాగరుడు ఓడవలసినదే. 1856 జూలైలో చట్టము వచ్చెను. డిసెంబరు 7న కలకత్తాలో ఆ చట్టము క్రింద మొదటి వివాహము జరిగెను. విదేశీయప్రభుత్వము ఎక్కువమంది మాటను కాదని శాసనము చేసినదని కొందరు నేటికిని ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణ పూర్తిగా త్రోసివేయదగినది కాదు. కాని ఆ 36,000 సంతకములలో ఈ విషయము ఎవరి బ్రతుకునకు సంబంధించినదో ఆ వితంతువులెందరు? ఇటు వెయ్యికి లోపువారిలో మాత్రము ఎందరు? సంఖ్య పెద్దదైనను చిన్నదైనను రెండు సభలలోను ప్రతివాది పీట ఖాళీయే.

ఇది కేవలము మర్యాదకు సంబంధించిన లోపము కాదు. దాని ఫలము చట్టములోనే కలదు. పునర్వివాహము చేసికొన్న వితంతువు మొదటి భర్త ఆస్తిలో తనకు గల హక్కును కోల్పోవలెనని ఆ చట్టపు రెండవ సెక్షను చెప్పెను. బ్రాహ్మణాది కులముల వివాదమును తీర్చుటకు చేసిన శాసనమది. కాని దేశమున అనేక కులములలో వితంతువు మరల పెండ్లాడుట అంతకుముందే ఆచారసిద్ధమై ఉండెను. అట్టి కులముల స్త్రీలకును ఈ సెక్షనును వర్తింపజేసి కొన్ని హైకోర్టులు తీర్పులు చెప్పెను. ఎవరికి క్రొత్త హక్కు అక్కరలేకుండెనో వారు పాత హక్కును పోగొట్టుకొనిరి. వారిని ముందుగా ఎవరైన అడిగియున్నచో ఈ సంగతి చెప్పుటకు వారికి శాస్త్రపాండిత్యము అవసరమై ఉండదు.

విద్యాసాగరుని వంటి మహనీయుడు సైతము జల్పపు రుచికి అతీతుడు కాలేదు. బహుభార్యాత్వమునుగూర్చిన చర్చలో తారానాథ తర్కవాచస్పతిమీద ఆయన 1873లో "యోగ్యుడైన ఒకానొక సోదరపుత్రుడు" అను అర్థము వచ్చు మారుపేరుతో పరిహాసపుస్తకములు వ్రాసెను. అవి చదువువారిని నవ్వించును. కాని తన పేరుతో వ్రాసినప్పుడు ప్రతిపక్షమునకు బదులు చెప్పిన ఆ కలమే, మారుపేరు తొడిగికొన్నప్పుడు ప్రతివాది ముఖమును వెక్కిరించెను. ముసుగు ఎవరిని ఎట్లు మార్చునో తెలిసికొనుటకు ఇంతకంటె గౌరవనీయమైన ఉదాహరణము అక్కరలేదు.

అదే 1873లో పండితుల చేయి దాటి, వాదము పూర్తిగా వీథికి వచ్చిన సంఘటన జరిగెను. కలకత్తా ప్రజల పుకారు వ్యామోహమును కాళీప్రసన్న సింహుడు 1862లోనే హుతోమ్ ప్యాంచార్ నక్షా అను పుస్తకమున చిత్రించియుండెను. చచ్చినవారు ఫలానా దినమున తిరిగి వచ్చెదరను వార్తకు సైతము ఆ నగరమున శ్రోతలుండిరి. ఇట్టి నగరమునకు తారకేశ్వరపు వార్త చేరెను. నవీనచంద్రుడను చిరుద్యోగి కలకత్తాలో పనిచేయుచుండగా, సుమారు 16 ఏండ్ల వయసుగల అతని భార్య ఎలోకేశి పుట్టినింట ఉండెను. తారకేశ్వర దేవాలయపు మహంతు మాధవచంద్ర గిరితో ఆమెకు సంబంధము కలిగినదని ఊరివారు చెప్పుకొనుచుండగా భర్త వినెను. ఆమెను వెంటబెట్టుకొని పోవ యత్నించి, మహంతు మనుష్యులు అడ్డగించుటచే పోలేక, మే 27న అతడామెను కత్తిపీటతో నరికి చంపి, తానే పోలీసులకు లొంగిపోయెను.

కోర్టు ప్రాంగణము జనసముద్రమయ్యెను. జూరీవారు నవీనుడు చిత్తచాంచల్యమున చేసినాడని అతనిని నిర్దోషిగా నిర్ణయించిరి. జడ్జి అంగీకరింపక హైకోర్టుకు పంపగా అతనికి ద్వీపాంతరవాస శిక్ష పడెను. మహంతునకు మూడేండ్ల కఠినశిక్షయు జరిమానాయు విధింపబడెను. కాళీఘాటు చిత్రకారులు ఈ కథను ఘట్టము వెంట ఘట్టముగా వ్రాసి యాత్రికులకు అమ్మిరి. చెరసాలలో మహంతు గానుగ త్రిప్పుచున్న చిత్రము వానిలో ఒకటి. చౌక అచ్చుకూటముల నుండి ప్రహసనములు అనేకములు వెలువడెను, నాటకశాలలు నిండెను. నవీనుని విడిపింపుమని ప్రజలు విజ్ఞాపనములు పంపగా 1875లో అతడు విడుదలయ్యెను. కొందరికి అతడు భార్యను ప్రేమించిన దీనుడు, కొందరికి ధర్మరక్షకుడు. మహంతు కొందరికి కామాంధుడు; కొందరికి పరప్రభుత్వము అవమానించిన దేవస్థానాధిపతి. దేశమంతయు ఒక తీర్పరిగా కూర్చున్నట్లుండెను.

ఎలోకేశి బలాత్కారమునకు గురియైనదా, మోసపోయినదా, తానై వలచినదా? సంతానమునకు మందిచ్చెదనని ఆమెను మహంతు వంచించెనని ఒక కథ. తండ్రియే ధనాశచే పంపెనని ఒక కథ. ప్రహసనమునకొక ఎలోకేశి, పటమునకొక ఎలోకేశి. ఆమె భర్తతో చెప్పిన మాట సైతము మనకు చేరినది ఇతరుల నోటి నుండియే. సహగమన వివాదమున ప్రతివాది పీట ఖాళీగా ఉండెను. ఇచ్చట ప్రతివాదిని చంపిన పిమ్మట సభ ఆరంభమయ్యెను. చంపినవానిపై జాలిపడుటకు వేలకొలది జనులు దొరకిరి. చచ్చినదానిమీద అభిప్రాయము లేనివాడు మాత్రము దొరకలేదు.

ఈ సభలలో పీట దొరకనివారు ఊరక కూర్చుండలేదు. వారు వంటయింటనే అక్షరములు నేర్చుకొనుచుండిరి. పావనా జిల్లాకు చెందిన రాససుందరీదేవి చైతన్యభాగవతమునందలి ఒక పుటను దాచిపెట్టుకొని, కుమారుడు వ్రాసికొన్న తాటాకులోని అక్షరములతో పోల్చి చూచుకొనుచు, పొయ్యిదగ్గర ఎవరును చూడకుండ చదువు నేర్చెను. చదివిన స్త్రీకి వైధవ్యము ప్రాప్తించునని భయపెట్టుచుండిన కాలమది. ఆమె వ్రాసిన ఆత్మకథ ఆమార్ జీబన్ 19వ శతాబ్ది ఉత్తరార్ధమున అచ్చయ్యెను. 1863లో స్త్రీలకొరకు బామాబోధినీ పత్రిక స్థాపితమై, స్త్రీల రచనలకు చోటిచ్చెను. అదే సంవత్సరమున కైలాసబాసినీదేవి హిందూస్త్రీల హీనస్థితినిగూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. వీరి స్వరము మెత్తనిది. తమ బ్రతుకును తాము చెప్పుకొనిరేగాని, తమమీద తీర్పు చెప్పినవారిని పేరుపెట్టి నిలువదీయలేదు.

ఆ పని చేసిన స్త్రీ వంగదేశమున కాక మహారాష్ట్రమున కనబడును. వంగదేశపు వితంతు వివాహవాదము ఈ సరికి దేశమంతట వ్యాపించియుండెను. గోదావరీతీరమున కందుకూరి వీరేశలింగము పూనికతో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము 1881 డిసెంబరు 11న జరిగెను. అదే 1881లో సూరతు నగరమున విజయలక్ష్మి అను బ్రాహ్మణ వితంతువు శిశుహత్యానేరముపై మరణశిక్ష పొందెను. పిమ్మట అది ద్వీపాంతరవాసముగా తగ్గింపబడెను. దానిపై పత్రికలలో బహుచర్చ నడచెను. పుణేవైభవమను మరాఠీ పత్రిక ఈ సందర్భమున స్త్రీజాతి నీతిభ్రష్టమగుచున్నదని దూషించెను. బేరారులోని బుల్ఢాణాలో నివసించుచుండిన తారాబాయి శిందే దానిని చదివి ఊరకుండలేకపోయెను. ఆమె తండ్రి జోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు చెందినవాడు. 1882లో ఆమె స్త్రీ పురుష తులనా అను పుస్తకమును ప్రకటించెను.

ఆ పుస్తకపు వరుస గమనింపుడు. స్త్రీలమీద పురుషులు మోపిన నిందలను ఆమె ఎత్తి చెప్పును; అనగా పూర్వపక్షము. ఒక్కొక్క దోషమునకు ఎదురుగా, అదే దోషము పురుషునియందెంత కలదో చూపును. భార్య మరణించిన పురుషుడు వెంటనే మరల పెండ్లాడుచుండగా, భర్త మరణించిన స్త్రీకి మాత్రము ముండనము, ఒంటిపూట కూడు, చీకటిమూల ఏలయని అడుగును. శాస్త్రకారులను సైతము ఆమె వదలదు. ఆమె భాష పదునైనది, కొన్ని చోట్ల కటువైనది. దానిని పండితులు నేర్పలేదు, ఇంటి మాటయే నేర్పినది. గౌతముడు చెప్పిన అర్థమున ఇది నిజమైన వాదము. ఏలయన ఇచ్చట ప్రతివాది తన కాళ్లమీద నిలిచి, తన పేరు పెట్టుకొని, తన బదులు తాను చెప్పెను. మారుపేరు మరుగు ఆమెకే మిక్కిలి అవసరమై ఉండెను. ఆమె దానిని వాడలేదు.

ఆ సాహసమునకు ఫలమేమి? స్వపక్షీయులే కొందరు ఆక్షేపింపగా, ఫూలే 1885లో ఆమెను సమర్థించుచు వ్రాసెను. ఆమె మరియొక పుస్తకము ప్రకటించినట్లు కనబడదు. అచ్చయిన 500 ప్రతులును కాలగర్భమున కలిసిపోయెను. 1975లో స. గం. మాల్‌శే ఆ పుస్తకమును వెలికితీసి పునర్ముద్రించువరకు లోకము ఆమెను మరచియుండెను. మన భండారు అచ్చమాంబ, స్త్రీలు అబలలు, బుద్ధిహీనులు అను నిందను ఖండించుట ఒక ఉద్దేశముగా 20వ శతాబ్ది ఆరంభమున అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించినప్పుడు సైతము, అదే సభలో అదే పీటకొరకు మాటాడెనని చెప్పవచ్చును.

వీథిలోని మాటను తృణీకరించుట పండితుల అలవాటు. దానిని ప్రజావాక్కని నెత్తికెత్తుకొనుట రాజకీయవేత్తల అలవాటు. పై చరిత్ర ఈ రెండింటిని సమర్థింపదు. సాలెవాని చీర అంచును, పటకారుని కుంచెయు, పేరులేని ఉత్తరమును లేకున్నచో సహగమనము, వైధవ్యము చండీమండపపు చాపమీద ప్రశ్నలే అయి ఉండెడివి కావు. అదే వీథి ఎలోకేశిని ఒక్కమాట అడుగకయే ఆమెపై నూరు తీర్పులు చెప్పెను. కనుక ఒక చర్చ విలువను కంఠముల సంఖ్యచేతను, పాండిత్యముచేతను కొలుచుట చాలదు. అది ఎవరి బ్రతుకును తాకుచున్నదో వారు బదులు చెప్పుటకు చోటున్నదా అని చూడవలెను. పుణేవైభవపు నిందకు తారాబాయి బదులు ఒక సంవత్సరములోనే వచ్చినది. ఆ బదులు పాఠకులకు మరల చేరుటకు 93 సంవత్సరములు పట్టినది.